హ్యాండోవర్‌లో సిస్టర్లు మాట్లాడేది అర్థం కావట్లేదు అన్న కొత్త కేర్ అసిస్టెంట్‌కి నా జవాబు

అడిగిన అమ్మాయి సంగతి క్లుప్తంగా ఇదీ. ఇంటర్ ఆర్ట్స్ చదివింది, పెందుర్తి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చి సిటీలో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో అసిస్టెంట్‌గా కొత్తగా చేరింది, షిఫ్ట్ మారేటప్పుడు సిస్టర్లు హ్యాండోవర్ ఇచ్చుకుంటుంటే బీడీ, ఎస్ఓఎస్, ఎన్‌పీఓ, ఆర్‌టీ ఫీడ్, డిస్ఫేజియా అని ఏవేవో దొర్లిపోతుంటాయట, సగం అర్థం కాక తలూపేస్తోందట. ఎవరో చెప్తే లావుపాటి మెడికల్ డిక్షనరీ కొనుక్కుంది. దాన్ని మొదటి పేజీ నుంచి బట్టీ కొట్టాలా, ఎన్ని మాటలొస్తే చాలు, ఇంగ్లీష్ అంతంత మాత్రమే కదా నాకీ ఉద్యోగం నప్పదేమో అని అడిగింది.

చెల్లెమ్మా, నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. నేను జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి వార్డుల్లో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశా, ఇప్పుడు ఇక్కడే వైజాగ్‌లో పెద్దవాళ్లని చూసుకునే చోట ఇన్‌చార్జ్‌గా ఉన్నా, కొత్తగా వచ్చే పిల్లలకి పని నేర్పేది నేనే కాబట్టి చెప్తున్నా.

ముందు సూటిగా జవాబు: డిక్షనరీ పక్కన పెట్టెయ్. అది డాక్టర్లకి, నర్సింగ్ స్టూడెంట్స్‌కి. నీ పనికి మహా అయితే ఓ వంద మాటలు, అందులో సగం నీకు ఇప్పటికే వచ్చు, బీపీ, షుగర్, పల్స్, డైపర్, ఫిట్స్ లాంటివి ఊళ్లో అందరూ అనేవే. మిగతావాటిలో ముందు నేర్చుకోవాల్సినవి నీ చేతిని ఆపేవి, అంటే "ఈ పని చెయ్యకు" అని చెప్పే మాటలు. తర్వాత నువ్వు చూసింది సిస్టర్‌కి చెప్పడానికి పనికొచ్చేవి. జబ్బుల పేర్లు ఆఖర్న, అవి పనిలో పడితే వాటంతటవే వస్తాయి. ఇంగ్లీష్ రాకపోవడం పెద్ద లోటేం కాదు, అర్థం కాకుండా తలూపడమే ప్రమాదం.

ఎందుకో చెప్తా.

చేతిని ఆపే మాటలు

ఎన్‌పీఓ అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు అని. కొన్నిచోట్ల ఎన్‌బీఎం అంటారు, రెండూ ఒకటే. ఏదైనా ఆపరేషనో ఎండోస్కోపీయో ఉండొచ్చు, మింగలేని పరిస్థితి కావచ్చు, కడుపుకి రెస్ట్ ఇస్తూ ఉండొచ్చు, కారణం నీకు తెలియకపోయినా పర్లేదు. ఏమీ అంటే ఏమీ కాదు, గుక్కెడు మంచినీళ్లు, కాఫీ, తీర్థం, ప్రసాదం అన్నీ అందులోకే వస్తాయి. మన దగ్గర వచ్చే చిక్కంతా చుట్టాలతోనే, బెడ్డు మీద బోర్డు పెట్టినా సరే "పొద్దున్నుంచి ఏం తినలేదు పాపం, కాస్త ఇడ్లీ పెట్టా సిస్టర్" అని వచ్చి చెప్తారు, తీరా చూస్తే ఆ రోజు ప్రొసీజర్ కేన్సిల్. అందుకే ఎన్‌పీఓ అని వినగానే నువ్వు చెయ్యాల్సిన మొదటి పని మంచం పక్కన ఉన్న వాటర్ బాటిల్, పళ్లు తీసి పక్కన పెట్టి, ఇంటివాళ్లకి తెలుగులో అర్థమయ్యేలా చెప్పడం. రోజూ వేసుకునే బీపీ మాత్ర సంగతి ఏం చెయ్యాలి అన్నది మాత్రం సిస్టర్‌ని అడగాలి, అది నువ్వూ నేనూ అనుకుని తేల్చేది కాదు.

రెండోది ఫ్లూయిడ్ రెస్ట్రిక్షన్, అంటే రోజుకి ఇంతకి మించి ద్రవాలు ఇవ్వద్దని డాక్టర్ లెక్క రాస్తారు. కిడ్నీ పేషెంట్లకి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఉంటుంది. ఉద్దానం వైపు నుంచి, సోంపేట, కవిటి, పలాస అటు నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్లు మన సిటీలో ఎంతమందో నీకు చెప్పక్కర్లేదు, కాబట్టి ఈ మాట నీకు తప్పకుండా తగుల్తుంది. నీళ్లు ఒక్కటే లెక్క కాదు, టీ, మజ్జిగ, చారు, సాంబారు, గంజి, ఐస్ ముక్క, మాత్ర వేసుకోవడానికి ఇచ్చిన నీళ్లు అన్నీ కలిపే లెక్క. మే నెలలో మన సముద్రపు ఉక్కకి తాతగారు "కాస్త మజ్జిగివ్వమ్మా" అని బతిమాలుతుంటే కాదనడం కష్టమే, నాకు తెలుసు. నోరు తడిపే దూది, నోరు పుక్కిలించి ఉమ్మించడం లాంటివి ఏం చెయ్యొచ్చో సిస్టర్‌ని అడిగి పెట్టుకో, ఊరికే లేదు అనేస్తే ఆయన బాత్‌రూమ్ కుళాయి దగ్గరికెళ్లి తాగేస్తారు.

అదే డయాలసిస్ వాళ్లలో ఫిస్టులా అని వింటావు. చేతిలో రక్తనాళాలు కలిపి డయాలసిస్ కోసం చేసిన ఏర్పాటు అది, ముట్టుకుంటే జుయ్ జుయ్ మని తెలుస్తుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఆ చెయ్యి పట్టుకుని లేపకూడదు, ఆ చేతికి బిగుతు గాజులు, వాచీ ఉండకూడదు. ఎవరికి ఏ చెయ్యో మొదటి రోజే చూసుకో.

నాన్ వెయిట్ బేరింగ్ అంటే ఆ కాలు మీద బరువు మోపకూడదు అని, తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్లకి చెప్తుంటారు. పార్షియల్ వెయిట్ బేరింగ్ అంటే కొద్దిగా మోపొచ్చు. ఈ ఒక్క మాట తేడాతో నువ్వు ఆ మామ్మగారిని వాకర్ పట్టించి నడిపించాలా, వీల్‌చైర్‌లో తీసుకెళ్లాలా అన్నది తేలిపోతుంది. థిక్కెన్డ్ ఫ్లూయిడ్స్ అంటే నీళ్లు పల్చగా ఇవ్వకుండా పౌడర్ కలిపి చిక్కబరిచి ఇవ్వాలి, పల్చటి నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్నవాళ్లకి. ఎంత చిక్కగా అన్నది చార్టులో రాసుంటుంది, అడుగు.

పూటలు చెప్పే అక్షరాలు

ఇవి సులువు. ఓడీ రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు, హెచ్‌ఎస్ పడుకునే ముందు, ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక. స్టాట్ అంటే ఇప్పటికిప్పుడు. ఎస్ఓఎస్ అంటే మాత్రం సినిమాల్లో లాగా ప్రమాదం, రక్షించండి అని కాదు, అవసరమైతేనే ఇవ్వమని. పారాసిటమాల్ ఎస్ఓఎస్ అంటే జ్వరమో నొప్పో ఉంటే ఇవ్వాలి, లేకపోతే అక్కర్లేదు. కంటి చీటీల మీద ఓడీ అని ఉంటే కుడి కన్ను అని అర్థం, ఓఎస్ అంటే ఎడమ కన్ను. కేటరాక్ట్ ఆపరేషన్ అయి వచ్చినవాళ్ల కాగితాలు చూస్తే ఇది గుర్తుపెట్టుకో.

మందులివ్వడం నర్సు పని, నీది కాదు, ఎంత బిజీగా ఉన్నా సరే "నువ్వే ఇచ్చెయ్" అంటే "సిస్టర్, మీరు రండి" అను. మరి ఇవెందుకు తెలియాలంటే, తిండికి ముందు ఇవ్వాల్సిన మందు ఉందని తెలిస్తే నువ్వు టిఫిన్ పెట్టే ముందు సిస్టర్‌కి గుర్తుచేస్తావు. ఇన్సులిన్ ఉన్నవాళ్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. ఇన్సులిన్ చేసేశాక తాతగారు ఉప్మా సగం తిని వదిలేస్తే ఆ సంగతి ముందు తెలిసేది నీకే, వెంటనే చెప్పాలి.

చెవికి ఒకేలా వినిపించేవి

హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. టాకీ వేగం, బ్రాడీ నెమ్మది. పాలీ ఎక్కువ, డిస్ అంటే ఇబ్బందిగా. మాట చివర యూరియా అని వస్తే మూత్రం సంగతి, ప్నియా అని వస్తే ఊపిరి, ప్లీజియా అంటే పక్షవాతంలో లాగా చచ్చుబడిపోవడం, ఐటిస్ అంటే వాపు. ఈ ముక్కలు పది తెలిస్తే కొత్త మాట విన్నా సగం ఊహించొచ్చు, హెమీప్లీజియా అనగానే ఒక వైపు పడిపోయింది అని తట్టేస్తుంది. ఇంతవరకు చాలు, దీని మీద ఇంకా టైం పెట్టకు.

ఊహించడం వరకే గానీ ఊహ మీద పని చెయ్యకూడదు. హైపో, హైపర్ ఫోన్‌లో అయితే అస్సలు తేడా తెలీదు, పక్కన టీవీ సీరియల్ మోగుతుంటే ఇంకా చెప్పక్కర్లేదు. అందుకే మా దగ్గర ఒక అలవాటు పెట్టా, ఆ మాటలు వాడొద్దు, అంకె చెప్పండి అని. "షుగర్ 58 ఉంది సిస్టర్" అంటే ఎవరికీ అనుమానం ఉండదు. 70 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. చెమటలు, చెయ్యి వణుకు, చిరాకు, పిచ్చి మాటలు, మగతగా ఉండటం, ఇవన్నీ దాని గుర్తులే. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల తీపి, అంటే సుమారు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడటం మామూలు పద్ధతి, మీ హోమ్‌లో ఏ పద్ధతి రాసిపెట్టారో అడిగి తెలుసుకో. తెలివి లేనివాళ్ల నోట్లో మాత్రం ఏదీ పొయ్యకూడదు, కంగారులో ఇంటివాళ్లు పోసేస్తారు, నువ్వు అడ్డుకోవాలి.

ఇంకో జంట ఉంది, నువ్వు అడిగిన డిస్ఫేజియా. నువ్వు రాసినది మింగడంలో ఇబ్బంది. దాదాపు అదే శబ్దంతో మాటలో ఇబ్బందికి ఇంకోటుంది, డిస్ఫేసియా, దాన్నే అఫేజియా అని కూడా అంటుంటారు. పక్షవాతం వచ్చినవాళ్లకి రెండూ ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. కాబట్టి ఆ మాట వినబడగానే "మింగడమా సిస్టర్, మాటా?" అని అడుగు, సిగ్గేం లేదు, నాకు తెలిసిన మంచి నర్సులు కూడా అడుగుతారు. మింగడం అయితే నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలు, ఒకటి మింగాకే ఇంకోటి. మాట అయితే వేరే జాగ్రత్త, వాళ్లు నువ్వేం అడిగినా ఊఁ అని తలూపేస్తారు, అన్నిటికీ ఊఁ అంటున్నారంటే అర్థమవుతోందని కాదు. "అన్నం కావాలా?" అని అడిగి ఊఁ అన్నాక, "స్నానం చేశారా?" అని చెయ్యనిదాన్ని అడిగి చూడు, దానికీ ఊఁ అంటే ఇంక మాటలతో కాక గిన్నె చూపించి, గ్లాసు చూపించి అడగాలి.

నువ్వు చూసింది చెప్పడం

ఇదే అసలు విషయం, ఇక్కడ కొంచెం ఆగుదాం. కొత్తగా వచ్చినవాళ్లు నాలుగు ఇంగ్లీష్ మాటలు రాగానే వాటితో రిపోర్ట్ ఇచ్చేద్దామని చూస్తారు. "సిస్టర్, నాలుగో రూమ్ మామ్మగారికి డయేరియా" అని ఒకమ్మాయి వచ్చి చెప్పింది. మాట తప్పేం లేదు, చేసినదీ అసిస్టెంట్ పనే. నేను అడిగా, ఎన్నిసార్లు, ఎంత, ఎలా ఉంది, నిన్నా మొన్నా వెళ్లారా అని. చూస్తే చార్టులో నాలుగు రోజులుగా మోషన్ లేదు, ఇవాళ కొంచెం కొంచెంగా నీళ్లలా డైపర్‌కి అంటుకుంటోంది. అది విరేచనాలు కావు, లోపల గట్టిగా బిగిసిపోయిన మలం పక్కనుంచి కారుతున్న నీరు. మోషన్స్ ఆగడానికి మాత్ర వేసి ఉంటే ఆవిడ పని ఇంకా అయిపోయేది. అందుకే జబ్బు పేరు పెట్టకు, కంటికి కనబడ్డది చెప్పు: ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఏ రంగు, మునుపటికీ ఇప్పటికీ తేడా.

మోషన్ గురించి చెప్పడానికి బ్రిస్టల్ చార్ట్ అని బొమ్మల చార్ట్ ఉంటుంది, ఏడు రకాలు, 1, 2 అంటే మేకపెంటికల్లా గట్టిగా, 3, 4 మామూలు, 6, 7 పల్చగా, నీళ్లలా. మీ దగ్గర లేకపోతే ప్రింట్ తీసి బాత్‌రూమ్ తలుపు వెనక అంటించమను, ఆ అంకె చెప్తే చాలు. నల్లగా తారులా, వాసన మరీ దుర్వాసనగా ఉంటే వెంటనే చెప్పాలి, పైన కడుపులో రక్తం పోతూ ఉండొచ్చు, దాన్ని సిస్టర్లు మెలీనా అంటారు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా నల్లగానే వస్తుంది కాబట్టి నువ్వు "మెలీనా" అనకు, "నల్లగా, జిగటగా ఉంది" అను. మిగతాది వాళ్లు చూసుకుంటారు. అనుమానంగా ఉంటే ఆ డైపర్ పారెయ్యకు, సిస్టర్‌కి చూపించాకే పసుపు రంగు సంచిలో వెయ్యి.

పేషెంట్ చెప్పిన మాటని మార్చకుండా చెప్పడం ఇంకోటి. మన పెద్దవాళ్లు నొప్పి అనే మాట వాడనే వాడరు. గాబరాగా ఉంది అంటారు, ఒంట్లో ఏదోలా ఉంది అంటారు, గుండెకాడ పట్టేసినట్టుంది, కడుపులో తిప్పుతోంది, గ్యాస్ పట్టేసిందమ్మా అంటారు. షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన తాతగారొకాయన తెల్లారుజామున "గ్యాస్ పైకి తన్నేస్తోంది, సోడా తెచ్చిపెట్టు" అన్నారు, షుగర్ పేషెంటు. ఆ రోజు డ్యూటీలో ఉన్న కుర్రాడు పెద్దగా చదువుకున్నవాడు కాదు, కానీ వచ్చి చెప్పింది ఇది: "తాతగారు గ్యాస్ అంటున్నారు సిస్టర్, రాత్రి మామూలుగానే తిన్నారు, ఇప్పుడు ఫ్యాన్ కింద కూడా బనీను తడిసిపోయేలా చెమట, ఎడమ దవడ పట్టుకుంటున్నారు." ఈసీజీ తీస్తే గుండెపోటు. "తాతగారికి గ్యాస్ ప్రాబ్లం" అని ఒక్క ముక్కలో చెప్పి ఉంటే ఎవరైనా ఎసిడిటీ సిరప్ దగ్గరికే వెళ్లేవాళ్లు. షుగర్ ఉన్నవాళ్లకి, పెద్దవాళ్లకి ఛాతీనొప్పి అంత స్పష్టంగా రాకపోవచ్చు, చెమట, ఆయాసం, నీరసం ఇలాగే బయటపడుతుంది.

తెలుగు మాటలు తక్కువ అనుకోకు. "నీళ్లు తాగుతుంటే పొలమారుతోంది, రెండు రోజుల నుంచి ప్రతి గుక్కకీ" అంటే మాకు ఎంత విషయం తెలిసిపోతుందో. పాదాలు వాచాయి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది అంటే చాలు, పిట్టింగ్ ఎడీమా అని రాసుకోవడం మా పని. ఆయాసం కూర్చుంటే తగ్గుతోందా, పడుకుంటే పెరుగుతోందా, రాత్రి రెండు దిళ్లు వేసుకునేవాళ్లు ఇప్పుడు మూడు అడుగుతున్నారా, ఇలాంటివి నువ్వు తప్ప ఎవరూ చూడరు.

అంకెలు

పల్స్ 60 నుంచి 100, ఊపిరి నిమిషానికి 12 నుంచి 20, టెంపరేచర్ 98.6 అటూఇటూ, ఆక్సిజన్ 95 పైన. ఇవి పుస్తకంలో అంకెలు. మీ హోమ్‌లో ఉన్న ఒక్కొక్కరి మామూలు అంకె ఎంతో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఏళ్ల తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకి, సీవోపీడీ అంటారు, డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు అని రాస్తుంటారు, అక్కడ 90 చూసి గాభరాపడి ఆక్సిజన్ నువ్వు పెంచేస్తే మేలు కన్నా కీడే. ఆక్సిజన్ నాబ్ ముట్టుకోవద్దు అసలు. వేలికి నెయిల్ పాలిష్ ఉన్నా, చేతులు చల్లగా ఉన్నా ఆక్సిజన్ చూసే క్లిప్పు తప్పు చూపిస్తుంది, ఇంకో వేలికి పెట్టి చూడు, మనిషిని కూడా చూడు.

మూత్రం లెక్క ఇంటేక్ అవుట్‌పుట్ చార్టులో రాస్తారు, ఐఓ చార్ట్ అంటారు. వాయిడ్ చేశారా అంటే ఒంటికి వెళ్లారా అని. క్యాథెటర్, అంటే మూత్రం గొట్టం, ఉన్నవాళ్లకి కేజీకి గంటకి అర ఎంఎల్, అంటే 60 కేజీల మనిషికి గంటకి 30 ఎంఎల్ అన్నా రావాలి. బ్యాగ్‌లోకి రావడం తగ్గిందంటే ముందు గొట్టం ఎక్కడైనా మడత పడిందా, మనిషి తొడ కింద నలిగిందా చూడు. బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. వీల్‌చైర్‌లో బాల్కనీకి తీసుకెళ్లేటప్పుడు బ్యాగ్‌ని ఒళ్లో పెట్టి తోసుకెళ్లేవాళ్లని రోజూ చూస్తుంటా, లోపలికి తిరిగి పారితే ఇన్ఫెక్షన్. ఆర్‌టీ అంటే రైల్స్ ట్యూబ్, ముక్కులోంచి కడుపులోకి వెళ్లే గొట్టం, ఫీడ్ ఇచ్చేముందు సరిగ్గా ఉందో లేదో చూసేది నర్సు, నువ్వు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, ఫీడ్ అయ్యాక కూడా కనీసం అరగంట దించకూడదు. తల ఎత్తిన ఆ పొజిషన్నే సెమీ ఫౌలర్స్ అంటారు. వెల్లకిలా సుపైన్, బోర్లా ప్రోన్, పక్కకి తిప్పితే లాటరల్. అయిపోయింది.

కుడి, ఎడమ అన్నప్పుడు పేషెంట్ కుడి ఎడమలే, ఎదురుగా నిల్చున్న నీవి కావు.

చర్మం

పుండు పడ్డాక బెడ్‌సోర్ అని అందరూ గుర్తుపడతారు, పడకముందు గుర్తుపట్టేది స్నానం చేయించే మనిషే. తోక ఎముక, మడమలు, తుంటి పక్కలు, మోచేతులు, తల వెనక భాగం, రోజూ ఇవి చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎరుపొస్తే రక్తం ఆడుతోంది. నొక్కినా ఆ ఎరుపు మారకుండా అలాగే ఉంటే అదే మొదటి స్టేజ్, చర్మం చిట్లకపోయినా లెక్కే. మనవాళ్ల చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడకపోవచ్చు, అక్కడ వేడిగా, లేకపోతే గట్టిగానో మెత్తగానో తగుల్తుంది, పక్క చర్మంతో పోల్చి చూడు. రెండో స్టేజ్‌లో పై పొర పోవడమో బొబ్బ రావడమో, మూడులో లోపలి కొవ్వు దాకా, నాలుగులో కండ, ఎముక దాకా. నువ్వు స్టేజ్ చెప్పక్కర్లేదు, "తోక ఎముక దగ్గర రూపాయి బిళ్లంత, నొక్కితే తెల్లబడట్లేదు, నిన్న లేదు" అంటే చాలు.

ఆ ఎరుపు మీద నూనె పెట్టి గట్టిగా రుద్దేస్తారు కొందరు, ప్రేమగానే చేస్తారు, కానీ అది లోపల ఇంకా పాడుచేస్తుంది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఈడ్చకుండా దుప్పటితో ఎత్తి జరపడం, తడి లేకుండా చూడటం, అంతే. తొడల మధ్యన, మడతల్లో ఎర్రబడి మంటగా ఉంటే అది చాలావరకు డైపర్ తడి వల్ల, ఎముక మీద ఉంటే ఒత్తిడి వల్ల, ఎక్కడుందో సరిగ్గా చెప్తే సిస్టర్ తేడా పట్టేస్తుంది.

తికమక

ఓరియెంటెడ్ అంటే తనెవరో, ఎక్కడున్నారో, రోజేదో తెలుస్తోందని. డ్రౌజీ అంటే మగతగా. డిమెన్షియా నెలలూ ఏళ్ల మీద మెల్లగా వచ్చే మతిమరుపు. డెలీరియం వేరు, గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతాడు, రాత్రి లేచి గోడ మీద ఏదో పాకుతోందంటారు, పొద్దున్నకి బానే ఉంటారు, మళ్లీ సాయంత్రానికి మొదలు. కొందరు గోల చెయ్యకుండా ఉలుకూ పలుకూ లేకుండా పడుకునే ఉంటారు, వాళ్లని "ఇవాళ బుద్ధిగా ఉన్నారు" అని అందరూ వదిలేస్తారు, అది ఇంకా ప్రమాదం. ఇంటివాళ్లయితే "వయసైపోయింది కదా, చాదస్తం" అనేస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు, వెతికితే దొరుకుతుంది, చాలావరకు తగ్గుతుంది. నువ్వు చెప్పాల్సింది "నిన్న సాయంత్రం నా పేరు పెట్టి పిలిచారు, ఇవాళ నన్నెవరు అంటున్నారు" అని.

మూతి ఒక పక్కకి పోవడం, చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఇవి పక్షవాతం గుర్తులు, ఈ మూడింట్లో ఏదొచ్చినా గడియారం చూసి టైం గుర్తుపెట్టుకుని పరిగెత్తు. చివరిసారి బాగా ఉన్నట్టు ఎప్పుడు చూశావన్నది డాక్టర్ మొదట అడుగుతాడు, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కాబట్టి. హోమ్ వాళ్లు తటపటాయిస్తుంటే 108 కి ఫోన్ చెయ్యమని గట్టిగా చెప్పు.

ఇంకొక్క మాట, ఈ భాషంతా పేషెంట్ల ఎదురుగా వాడేటప్పుడు కాస్త చూసుకో. "ఆరో బెడ్ ఫీడింగ్ కేసు", "ఈయన నాన్ కోఆపరేటివ్" అని వాళ్ల మంచం పక్కనే అనేస్తుంటారు. ఇంగ్లీష్ లెక్చరర్‌గా రిటైరైన మేష్టారొకాయన అది విని "అమ్మాయ్, నేను కోఆపరేట్ చెయ్యకపోవడం కాదు, నువ్వు తెచ్చిన ఓట్స్ బాలేదు" అన్నారు. తాతగారు, మామ్మగారు, మేష్టారు అని పిలిచి, చెయ్యబోయేది తెలుగులో చెప్పి చెయ్యి.

నేర్చుకోవడం ఎలాగంటే, జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ కొనుక్కో. విన్న మాట నీకు వినబడ్డట్టే తెలుగులో రాసుకో, స్పెల్లింగ్ తర్వాత చూసుకోవచ్చు. పక్కన దాని అర్థం, ఆ పక్కన "అయితే నేనేం చెయ్యాలి" అని. ఆ మూడోది ఖాళీగా ఉందంటే ఆ మాట నీకింకా రానట్టే. పేషెంట్ల పేర్లు మాత్రం అందులో రాయకు, బస్సులో పారేసుకుంటే వాళ్ల విషయాలు ఎవరి చేతిలోనో పడతాయి. హ్యాండోవర్ అయ్యాక "సిస్టర్, రెండో రూమ్ ఎన్‌పీఓ, ఐదో రూమ్ తాతగారికి రోజుకి లీటరే, ఏడో రూమ్ ఎడమ చేతికి బీపీ వద్దు, అంతేగా?" అని తిరిగి అప్పజెప్పు. కేరళ సిస్టర్లుంటే వాళ్ల యాస అలవాటయ్యేదాకా ఇది ఇంకా అవసరం. విసుక్కునేవాళ్లు మొదటి వారం విసుక్కుంటారు, తర్వాత వాళ్లే నిన్ను అడగడం మొదలెడతారు.

సర్టిఫికెట్ కావాలంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని కోర్సు ఉంది, హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ల సిలబస్‌తో నేర్పుతారు, ఉద్యోగం చేస్తూ వీలైతే చెయ్యి, జీతం మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. చేరే ముందు ఆ సెంటర్‌కి గుర్తింపు ఉందో లేదో, నిజంగా హాస్పిటల్‌లో ప్రాక్టికల్స్ ఉన్నాయో లేదో చూసుకో, ఊరికే డబ్బు కట్టించుకునేవాళ్లూ ఉన్నారు.

డిక్షనరీ పారెయ్యకు, జీఎన్‌ఎం చేద్దామన్న ఆలోచన వస్తే అప్పుడు తియ్యొచ్చు. ఈ వారం హ్యాండోవర్‌లో విని అర్థం కానివి ఓ పది ఇక్కడే కింద రాయి, నైట్ డ్యూటీ లేని రోజు చూసి జవాబిస్తా.